మేస్త్రికి పెట్టిన కబురు

జంషెడ్‌పూర్‌లో సాక్చీ కోర్టు ప్రహరీగోడను ఆనుకుని జోగమ్మ అట్లు పోసేది. వకీళ్లయినా, ముద్దాయిలయినా, ముద్దాయిల్ని తాడు పట్టుకుని తెచ్చిన కానిస్టేబుళ్లయినా ఆమె పెనం ముందు వరసలో నిలబడాల్సిందే. "జడ్జీబావొచ్చినా ఇంతే. ముందొచ్చినోడికి ముందట్టు" అనేది. ఆమెకు హిందీ రాదు, నేర్చుకుందామన్న ఉద్దేశమూ లేదు. ఛప్రా, ఆరా జిల్లాల నుంచి వచ్చిన మీసాల కానిస్టేబుళ్లే ఆమె దగ్గర 'ఉల్లట్టు' అనడం నేర్చుకున్నారు.

నేను ఆ కోర్టులో నకళ్ల గుమస్తాని. తెలుగు తప్ప మరో భాష రాని సాక్షి ఎవరైనా బోనెక్కితే దుబాసీ పని కూడా నా నెత్తినే పడేది. మాదీ శ్రీకాకుళం వైపే కాబట్టి జోగమ్మను అక్క వరసన అప్పా అని పిలిచేవాణ్ణి. ఆ వరస కలిపినందుకు నా అట్టులో పచ్చిమిరపకాయ ఒకటి ఎక్కువ పడేది. అంతకుమించి మినహాయింపులేమీ లేవు.

ఆవిడకు అబద్ధం ఆడటం చేతకాదు. గొప్పకోసం చెప్పడం లేదు, నిజంగానే చేతకాదు. పిండి మరీ పులిసిపోయిన రోజున తనే కేకేసి చెప్పేసేది, "ఇయ్యాల తినకండి, కడుపునొప్పొత్తాది" అని. అలాంటి వాళ్లకు బతుకులో చిక్కులుండవని నేను అనుకునేవాణ్ణి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆమె పాలకొండ దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయిన ఏడాదే మొగుడి వెనకాల టాటానగర్ స్టేషన్లో దిగింది. మొగుడు అసిరయ్య బరువులెత్తే కళాసీ. పోలరాజు అనే మేస్త్రి కింద, స్టేషను వెనకాల ఉన్న ఒక తుక్కు వ్యాపారి గోదాములో పాత ఇనుము ఎత్తే జట్టులో పనిచేసేవాడు. జట్టులో అందరూ మనవాళ్లే, పక్కపక్క పల్లెల వాళ్లే.

ఆ జట్టుకొక రివాజు ఉంది. రేపు పనికి రానివాడు ఈ సాయంత్రమే మేస్త్రి ఇంటికి కబురు పెట్టాలి, ఎందుకు రాడో కూడా చెప్పాలి. చెప్పకపోతే వాడి చోటు ఇంకొకడికి పోతుంది. జ్వరమని చెబితే పని దిగాక జట్టంతా రొట్టె పట్టుకుని పలకరించడానికి వస్తారు. గడపలో కూర్చుని, ఒంటిమీద చెయ్యేసి చూసి, నాలుగు మాటలు చెప్పి వెళతారు. పరాయి ఊళ్లో ఒకరికొకరు తోడని పెట్టుకున్న కట్టుబాటది. దాన్ని చూసి నేనూ ముచ్చటపడేవాణ్ణి.

ఇక కూర్మారావుగారి సంగతి. జంషెడ్‌పూర్‌లో మన కళాసీల ఇళ్లలోంచి నల్లకోటు తొడుక్కున్న మొదటి మనిషి ఆయన. బిష్టుపూర్‌లో ఆఫీసు. రేషన్‌కార్డు పోయినా, క్వార్టరు ఖాళీ చెయ్యమన్నా, మొగుడు వదిలేసినా మనవాళ్లంతా ఆయన మెట్లే ఎక్కేవారు. మనవాళ్ల దగ్గర ఫీజు అడిగిన పాపాన పోలేదు. బస్తీలో ఆయన మాటంటే అంతే, మరి దానికి అడ్డు లేదు. 'వకీలుబావు సెప్పినాడు' అంటే ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు.

గొడవ డెబ్బై ఎనిమిదిలో మొదలైంది. రైలు వ్యాగన్ల చక్రాల దగ్గర ఇత్తడి బేరింగులుంటాయి. వాటిని దొంగతనంగా ఊడదీసి తుక్కు గోదాములో కరిగించేవారు. బేరింగు లేని వ్యాగను ఒకటి ఇరుసు వేడెక్కి పట్టాలు తప్పింది. పక్కన పనిచేస్తున్న అప్పన్న అనే గ్యాంగ్‌మన్ దాని కింద పడి చచ్చిపోయాడు. అప్పన్న అసిరయ్యకు వేలువిడిచిన మేనమామ కొడుకు. తను రోజూ ఎత్తిపోస్తున్న ఇత్తడి ఎక్కణ్ణుంచి వస్తోందో అసిరయ్యకు ఆ రోజున తలకెక్కింది. వెళ్లి కూర్మారావుగారికి చెప్పుకున్నాడు. ఆయనే దగ్గరుండి పోలీసుల దగ్గరికి తీసుకెళ్లి, పేరు బయటికి రాకూడదన్న మాట తీసుకుని, చెప్పించారు.

అంతవరకూ ఆయన చేసింది మంచిపనే. అక్కడ ఆగిపోయి ఉంటే నేనిది రాయను. ఆ తుక్కు వ్యాపారి పోలీసుల వాసన పసిగట్టి, వకీలు కోసం వెతుక్కుంటూ ఆయన ఆఫీసుకే వచ్చాడు. బరువైన క్లయింటు. ఈయన కాదనలేదు. ఒక హెడ్డుకానిస్టేబులుకు డబ్బిచ్చి, గోదాము మీద సోదా ఎప్పుడో తెలుసుకుని, ఆ సంగతి వ్యాపారికి చేరవేశారు. పోలీసులు వెళ్లేసరికి గోదాములో ఇత్తడి ముక్క లేదు. ఆ వారంలోనే, చీకటి పడే వేళ వ్యాగన్లు నిలిపే సైడింగు దగ్గర, అసిరయ్యను నలుగురు ఇనపకడ్డీలతో కొట్టారు. కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయిపోయింది. పోలరాజు మేస్త్రి మర్నాటి నుంచి ఊళ్లో కనబడలేదు.

హెడ్డుకానిస్టేబులు దొరికిపోయి అంతా కక్కాడు. కేసు నడిచింది. కూర్మారావుగారు నాకేమీ తెలీదన్నారు, కాని సాక్ష్యం గట్టిది. వకీలూ హెడ్డూ ఇద్దరూ దోషులని జడ్జి తేల్చేశారు. ఇక మిగిలింది శిక్ష ఎంత అన్నది. డెబ్బై నాలుగులో కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టం వచ్చాక శిక్ష గురించి కూడా విడిగా వినాలి.

అక్కడే ముడి పడింది. సోదా ఎప్పుడో అమ్మడం ఒక ఎత్తు. చెప్పినవాడి పేరు అమ్మడం ఇంకో ఎత్తు. అసిరయ్య పేరు తెలిసింది పోలీసు అధికారికీ, కూర్మారావుగారికీ మాత్రమే. హెడ్డుకు కూడా తెలియదు. మరి కొట్టినవాళ్లకు ఎలా తెలిసింది? వకీలే అమ్మాడని సర్కారు వాదన. అదే నిజమైతే చట్టంలో ఉన్న శిక్షంతా పడాల్సిందే.

మన తెలుగు సంఘం పెద్దలు రంగంలోకి దిగారు. దసరా పందిరి ఎక్కడ వెయ్యాలన్నదాని మీద ఏడాదంతా కొట్టుకునే మనుషులు, వకీలుగారి కోసం రాత్రికి రాత్రే ఒక్కటైపోయారు. సెక్రెటరీ చిన్నారావు జోగమ్మ ఇంటికి వెళ్లి, "ఆస్పత్రి ఖర్చు ఎవులు పెట్టినారు? నెలనెలా బియ్యం ఎవులు అంపుతున్నారు? కోర్టుకొచ్చి మాకు కోపం నేదని ఒక్క ముక్క సెప్పు, సాలు" అన్నాడు. నిజమే, ఖర్చంతా కూర్మారావుగారే పెట్టారు. డిఫెన్సు తరఫున శిక్ష గురించి మాట్లాడే సాక్షిగా జోగమ్మ పేరు ఇచ్చేశారు.

ఆ పొద్దున నేను కోర్టుకు వెళ్లేసరికి ఆమె పెనం వెలిగించలేదు. గోడ నీడలో ఊరికే కూర్చుని ఉంది.

"గుమస్తాబావూ, నాను బోనెక్కితే నువ్వే గద నా మాట హిందీలో సెప్పేది?" అంది.

"నేనే అప్పా."

"అయితే నువ్వు ముందు ఇనుకో. అక్కడ నువ్వు తడబడకూడదు."

అప్పుడు చెప్పింది. సోదాకు ముందురోజు మధ్యాహ్నం కూర్మారావుగారు ఆమె పెనం దగ్గరికి వచ్చారట. అట్టు తినలేదట. వంగి, మెల్లగా, "రేపు అసిరయ్యని పనికి పంపకు. అక్కడికి పోలీసులొస్తారు. సరుకు దొరకదు. దొరక్కపోతే అందరి ముందూ వీణ్ణే ఎక్కడ్రా అని అడుగుతారు. వీడు బయటపడిపోతాడు" అని చెప్పి వెళ్లిపోయారట. ఆమె ఇంటికెళ్లి మొగుడితో వకీలుబావు రేపు వెళ్లొద్దన్నాడని చెప్పింది. అసిరయ్య సరేనన్నాడు. "మేస్త్రికి కబురెట్టెయ్, నేకపోతే నా సోటు పోద్ది" అన్నాడు.

"ఎల్లినాను. ఎందుకు రాడని పోలరాజు అడిగినాడు. జొరమని సెప్దునా? జొరమంటే జట్టంతా ఒత్తారు. ఒచ్చి ఒంటి మీద సెయ్యేత్తారు. ఈడు గుండ్రాయిలా కూకోనుంటాడు. పరువు పోదా? నాకు మరేటీ తోచనేదు బావూ. వకీలుబావు వొద్దన్నాడని సెప్పేసినాను. ఆ పేరు సెబితే మరింకెవులూ ఏటీ అడగరు గదా అని."

పోలరాజు ఏమీ అడగలేదట. సోదా అయిన మర్నాడు పొద్దున మాత్రం పెనం దగ్గరికి వచ్చి, "జోగమ్మా, మీ వకీలు మంచి కబురే ఎట్టినాడు" అని నవ్వి పోయాడట. జట్టు మొత్తంలో ఆ రోజు రానివాడు ఒక్కడే. అతన్ని రావొద్దన్నది సోదా సంగతి ముందే తెలిసిన వకీలని ఆమే చెప్పింది. ఇంక దానికి లెక్కలు కట్టాలా?

"అసిరయ్యకి తెలుసా?" అన్నాను.

"నేదు. జొరమని సెప్పానని అనుకుంటన్నాడు. ఆడిప్పుడు లోపలే ఉన్నాడు. చిన్నారావు రిక్షాలో తెచ్చి ముందు బల్లమీద కూకోబెట్టినాడు, జడ్జీబావు జాలిపడతాడని."

విషయం ఎంత అడ్డంగా ఉందో చూడండి. ఆమె నిజం చెబితే కూర్మారావుగారు పేరు అమ్మలేదని తేలుతుంది, పెద్ద శిక్ష తప్పుతుంది. కాని కాలు పోగొట్టుకున్న మొగుడు ఎదురుగా కూర్చుని, ఆ కాలు ఎవరి నోటి మాట వల్ల పోయిందో తన చెవులతో వింటాడు. చెప్పకపోతే ఇంట్లో ఏ గొడవా ఉండదు, వకీలు చెయ్యని పనికి జైల్లో మగ్గుతాడు. చెప్పొద్దని నోటి చివరిదాకా వచ్చింది. దుబాసీగాణ్ణి, సాక్షికి సలహా చెప్పకూడదు. చెప్పకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

పిలుపు కోసం వరండాలో నిలబడ్డాం. కానిస్టేబులు పక్కన కూర్మారావుగారు నిలబడి ఉన్నారు. నల్లకోటు లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు. మనిషి సగం అయ్యారు. జోగమ్మను చూసి ఒక్క అడుగు ముందుకు వేశారు.

"జోగమ్మా, నేను నీ దగ్గరికొచ్చిన సంగతి అక్కడ చెప్పొద్దు. కోపం లేదని మాత్రం చెప్పి దిగిపో. అసిరయ్య వింటాడు. నీ కాపురం పాడవుతుంది."

ఆ మాట ఆయన జోగమ్మ కోసం అన్నారా, తనకోసం అన్నారా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. రెండూ అయి ఉండొచ్చు. ఆయన బతుకంతా ఆ రెండూ కలిసే నడిచాయి.

జోగమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "మా కాపురం గురించి ఆ డబ్బు ముట్టుకున్నప్పుడు తలుసుకోవల్సింది బావూ" అంది. గొంతు పెంచలేదు. ఆయన తలొంచుకున్నారు.

జడ్జి దర్భంగా వైపు పెద్దాయన. తొందరపడడు, గొంతు పెంచడు, అందుకే ఆయనంటే అందరికీ భయం. జోగమ్మ బోనెక్కి కొంగు భుజం చుట్టూ లాక్కుంది. నేను పక్కన నిలబడ్డాను. ముందు బల్ల మీద అసిరయ్య, ఒడిలో చంక కర్ర. వెనకాల సంఘం వాళ్లంతా ఉతికిన చొక్కాల్లో కూర్చున్నారు.

డిఫెన్సు వకీలు మెత్తగా అడిగాడు. ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టారు? ఈ బావే. ఇంటికి బియ్యం ఎవరు పంపుతున్నారు? ఈ బావే. ఆయన మీద నీకు కోపం ఉందా?

చిన్నారావు వెనకనుంచి దగ్గాడు. మళ్లీ అడిగించారు. "కోపం ఉన్నాది" అంది. నేను హిందీలో చెప్పాను. సంఘం బల్లల్లో గుసగుసలు పుట్టాయి. డిఫెన్సు వకీలు ముఖం మాడిపోయి చటుక్కున కూర్చున్నాడు.

సర్కారు వకీలు హుషారుగా లేచాడు. పెళ్లికొచ్చిన మావయ్యలా నవ్వుతూ, "కోపం ఉండదా మరి? నీ భర్త పేరు అమ్ముకుంది ఈయనే కదా? అవునని చెప్పు" అన్నాడు.

నేను తెలుగులో అడిగాను. జోగమ్మ రెండు చేతులతో బోను కర్ర పట్టుకుంది. అవునంటే చాలు. తెలీదన్నా చాలు. ఆమెను తప్పుపట్టే మనిషి ఆ గదిలో ఒక్కడు లేడు. ఆమె మొగుడివైపు చూసింది. అసిరయ్య ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు. ఆ తలాడింపు చూసి నాకు ఏడుపొచ్చింది.

"కాదు" అంది. "ఈ బావు పేరు అమ్మనేదు. ఈ బావు మావోణ్ణి పనికంపొద్దన్నాడు. పోలరాజుకి ఆ మాట సెప్పింది నాను. మావోడి కాలు నా నోటినించి పోయినాది."

"మళ్లీ చెప్పు అప్పా" అన్నాను. ఆమె వెనక్కి తీసుకుంటుందేమోనన్న ఆశ, అంతే. ఆమె నామీద మండిపడింది.

"ఒకపాలి సెప్పినాను గద బావూ! హిందీలో సెప్పు!"

చెప్పాను. తర్వాత జడ్జిగారే స్వయంగా అడిగారు. ఈయన ఏ రోజున వచ్చాడు, ఏమన్నాడు, ఏమన్నాడో ఆ మాటలే చెప్పమన్నారు. పోలీసులొస్తారన్నాడు, సరుకు దొరకదన్నాడు, దొరక్కపోతే వీణ్ణి అడుగుతారన్నాడు. కబురు రివాజు గురించీ, జ్వరమంటే జట్టు రావడం గురించీ కూడా విడమర్చి చెప్పింది. జడ్జిగారు కలం ఆపకుండా రాసుకున్నారు. నేను ఒక్కసారి కూడా అసిరయ్య వైపు చూడలేకపోయాను.

భోజనాల వేళ దాటాక శిక్ష చెప్పారు. హెడ్డుకానిస్టేబులు సంగతి చిన్నది. నమ్మి అప్పగించిన రహస్యాన్ని అమ్ముకున్నాడు, ఉద్యోగం ఊడింది, పైన ఏడాది జైలు. ఆ తర్వాత జడ్జిగారు కళ్లద్దాలు తీసి కూర్మారావుగారిని చూశారు. ఆ మాటలు నాకు కంఠతా ఉండిపోయాయి.

"ఈ స్త్రీ సాక్ష్యం మీ తూకంలోంచి ఒక బరువు తీసింది. మీరు పేరు అమ్మలేదు, నేను నమ్ముతున్నాను. అందుకని మీకు పూర్తి శిక్ష వెయ్యను. కానీ అదే సాక్ష్యం ఇంకో బరువు పెట్టింది. సోదా వట్టిపోతుందని మీకు తెలుసు. వట్టిపోతే ఆ మనిషికి ముప్పని తెలుసు. తెలియక చేసిన తప్పయితే మీరు ఆ పెనం దగ్గరికి వెళ్లి ఉండేవారు కాదు. ముప్పు తప్పించే దారి మీ చేతిలోనే ఉంది. ఆ సమాచారం అమ్మకుండా ఉంటే సరిపోయేది. మీరు అమ్మకమూ మానలేదు, ముప్పును మాత్రం ఒక అమాయకురాలి భుజం మీద పెట్టి వెళ్లారు."

రెండేళ్లు కఠిన శిక్ష వేశారు. డిఫెన్సు అడిగిన జరిమానాతో పోలేదు, సర్కారు అడిగినంతా పడలేదు. కూర్మారావుగారు రెండు చేతులూ జోడించారు. జడ్జికి కాదు, అసిరయ్య వైపు తిరిగి. అసిరయ్య చూడలేదు.

జడ్జిగారు నాతో, "ఆమెకు చెప్పండి. ఇందులో ఆమె తప్పేమీ లేదని ఈ కోర్టు అభిప్రాయం" అన్నారు. చెప్పాను.

"ఆ బావు నేదని సెప్తే నా తప్పు పోద్దేటి?" అంది జోగమ్మ. అది నేను హిందీలో చెప్పలేదు.

బయట వరండా మెట్ల మీద అసిరయ్య కూర్చుని ఉన్నాడు. చిన్నారావూ సంఘం వాళ్లూ అప్పటికే మాయమైపోయారు. తెచ్చిన రిక్షా కూడా వెళ్లిపోయింది. రెండేళ్ల జైలు పడ్డ వకీలుతోనూ పనిలేదు, వాళ్ల మాట వినని జోగమ్మతోనూ పనిలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరిని తిట్టాలో తెలియక స్తంభం పక్కన నిలబడిపోయాను.

జోగమ్మ మొగుడికి ఒక మెట్టు కింద నిలబడింది. బోనులో నిలబడ్డ మనిషి కాదు.

"మావా, తిట్టు. కొడతానన్నా కొట్టు. ఏదోటి సెయ్యి."

అసిరయ్య చంక కర్ర చివర్ని నేలకేసి గీశాడు.

"జొరమని ఎందుకు సెప్పనేదే?" అన్నాడు.

"సెబితే జట్టంతా ఒత్తారు గద మావా. ఒచ్చి నీ ఒంటి మీద సెయ్యేసి సూత్తారు. అబద్దమని తెలిసిపోద్ది."

అసిరయ్య తలెత్తాడు. కళ్లలో కోపం ఉందేమోనని నేను భయంగా చూశాను. కోపం లేదు. అంతకంటే కష్టంగా ఉంది ఆ చూపు.

"కాలిరిగి ఆరు నెలలు మంచంలో ఉన్నాను. ఒక్కడొచ్చినాడే? ఒక్కడు గడప తొక్కినాడే?"

జోగమ్మ అతని కాలివైపు చూసింది.

"జొరమని సెప్పినా ఎవులూ రాకపోదురు జోగీ. మనమే ఆల్ని మనుసులనుకున్నాం."

ఆమె అప్పుడు ఏడ్చింది. పెనం దగ్గర పొగకు కూడా కళ్లు తుడుచుకోని మనిషి, కోర్టు మెట్ల మీద కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా గట్టిగా ఏడ్చింది. అసిరయ్య ఆపమని అనలేదు. చాలాసేపయ్యాక చెయ్యి చాపి, "లే. పిండి పులిసిపోద్ది" అన్నాడు.

ఆమె లేచింది. ఒక చంకకింద కర్ర, ఇంకో చంకకింద తన భుజం పెట్టి అతన్ని గోడదాకా నడిపించుకుని వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. పెనం వెలిగించి మొదటి అట్టు మొగుడికి పెట్టింది. అప్పటికే ఇద్దరు కానిస్టేబుళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ముందొచ్చినవాడికి ముందట్టన్న మాట ఆ ఒక్కరోజూ ఆమె తప్పింది, వాళ్లెవరూ అడగలేదు.